ఎడమచేతికి కుదిరిన తుపాకి

మొన్న నకిరేకల్ దవాఖానలో వికలాంగుల సర్టిఫికెట్టు కోసం నిలబడితే, మనవడి ఈడు డాక్టరు నా కుడిచెయ్యి లేపి వదిలి, ఈ చేతితో ఇన్నేళ్లు ఏం పని చేశావు తాతా అని అడిగాడు. వ్యవసాయం అన్నాను. తుపాకితో అడవిపందుల్ని కొట్టానంటే నవ్వుతాడని ఊరుకున్నాను. నా ఈడు వాళ్లు మీరు నవ్వరు గనుక మీకు చెబుతున్నాను.

ఊహ తెలియకముందే జ్వరంలో పడిపోయిన చెయ్యి అది. కేతేపల్లి పక్కన మా చెలకలో జొన్న కంకులు పాలు పోసుకునేసరికి పందులు దిగేవి, కావలికి నేను పోతానంటే వీడు పోయి ఏం పీకుతాడని నాయిన పదిమందిలో అనేవాడు. ఆ మాటకే పంతొమ్మిదేళ్ల వయసులో నాకు తుపాకి నేర్వాలన్న పంతం పుట్టింది. ఊళ్లో పేరున్న వేటగాడైన మా చిన్నాయన కాదనలేదు. ముందు తన భర్మారు తుపాకి ఇచ్చాడు. దానికి మూతిలోంచి మందు పోసి ఇనుప గజంతో దట్టించాలి. మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఒంటిచేత్తో నేను అవస్థ పడేలోపు మందు సగం నేలపాలయ్యేది. చిన్నాయన తుపాకి కర్ర మడమ చెక్కి బరువు తగ్గించినా లాభం లేకపోయింది.

దొరల మీద జనం తిరగబడ్డ రోజులవి, అప్పుడే ఎర్రజెండా సంఘం వాళ్లు దొర గడీ మీద పడి తుపాకులు తెచ్చారు. చిన్నాయన వాళ్లను బతిమాలి, నడుమ మడతపడే చిన్న తోటా తుపాకి ఒకటి నాకోసం ఏరి తెచ్చాడు. తొడ మీద మడిచి, ఎడమచేత్తో తోటా పెట్టి, ఒక్క విసురుతో మూయవచ్చు. గొట్టం ఆనించడానికి పంగలకర్ర పాతి, కుడికన్ను మూయడం నేర్పి, ఉత్త తుపాకితోనే పది రోజులు సాధన చేయించాడు. మొదటి పంది పడ్డనాడు నేను ఏడ్చాను. గడీ తుపాకి నా చేతిలో ఉందని తెలిస్తే నాయిన బతకనియ్యడని, కొట్టినవాడికి దక్కే తలకాయ వాటా చిన్నాయన తన పేరనే ఇంటికి తెచ్చాడు. అందుకే చిన్నమ్మకు కూడా సంగతి తెలియదు.

తర్వాత మిలటరీ వచ్చింది, వెంట ఊరొదిలి పారిపోయిన దొరా తిరిగొచ్చాడు. గడీ తుపాకులు దొరికినవాళ్లను పట్టుకుపోతున్నారని, తుపాకిని మోటబాయిలో వేసి రమ్మని చిన్నాయన నన్ను పంపాడు. నా మొహం మండ, నేను వేయలేదు. నా ఒంటికి తగినట్టుగా ఈ లోకంలో దొరికిన వస్తువు అదొక్కటే, పారేయడానికి మనసొప్పలేదు. చొప్పవామిలో దోపి, వేశానని అబద్ధమాడాను.

మూడోనాడు సిపాయిలు వామి పొడిచి దాన్ని బయటికి లాగి, ఎవరిదని అడిగారు. చిన్నాయన ఒక్కసారి నా వైపు చూశాడు.

"నాదే సార్. వానిదెట్లయితది? గా చెయ్యి చూడుండ్రి, వాడు అన్నం గూడ ఎడమచేత్తోనే తింటడు."

దొర మనిషి ఉర్దూలో చెప్పగానే సిపాయిలు నా చెయ్యి చూసి నవ్వారు. నేను తలదించుకున్నాను. చిన్నాయనను లారీ ఎక్కించారు, మళ్లీ మనిషి ఇంటికి రాలేదు.

చిన్నమ్మ ఆ తర్వాత నలభై ఏళ్లు బతికింది. మొగుని తుపాకి పిచ్చే తన కొంప ముంచిందని, చెప్పినా వినని మొండి మనిషని కనబడ్డవాళ్లందరి దగ్గర ఆయన్ని తిట్టుకుంటూ బతికింది. ఆ తిట్లు నావి. పక్కన కూర్చుని విన్నాను. పిల్లల్లేని ఆమెకు తలకొరివి నేనే పెట్టాను.

ఈ కాలం పిల్లలు తప్పు చేస్తే ఎదురుగా నిలబడి చేసినమని చెప్పేస్తున్నారు, సిగ్గు లేదని మనమే వాళ్లను ఆడిపోసుకుంటున్నాం. ఆ సిగ్గు నాకు కాస్త తక్కువ ఉండి ఉంటే, ఒక ఆడమనిషి తన మొగుని మీద కోపంతో కాక ప్రేమతో కన్నుమూసేది.