తెల్లబడ్డ ఎనిమిది గ్లాసులు

నా ఫోటోల్లో బోరు నీళ్ల రంగు మార్చేశారు. పదకొండింట్లో ఎర్రనివి ఎనిమిది, ఎనిమిదీ తెల్లబడ్డాయి. ఆ సంగతి నాకు తెలిసింది సంగారెడ్డిలో, అధికారుల ఎదుట, గోడ మీద బొమ్మ పడ్డాకే.

కాజీపల్లి పక్కన మాకు రెండెకరాలు. ఏటా ఎండాకాలం మోటారు వేసి, నీళ్లు ఒకే గాజు గ్లాసులో పట్టి, ఒకే బండ మీద పెట్టి ఫోటో తీసేవాణ్ణి. ముప్పై ఏళ్లు బాయిలర్ దగ్గర గేజీ చూసి రాసుకున్న అలవాటు అది. నా చదువు ఐదో తరగతితో సరి. కంప్యూటర్ నాకు నేనే నేర్చుకుని, ఏడాదికొక స్లైడు చొప్పున పేర్చాను. మా నీళ్లు ఎర్రబడేలా చేసిన పక్క ఫ్యాక్టరీ ఇంకో షెడ్డు వేస్తానంటోంది. మా మాట వింటామని అధికారులు సంగారెడ్డికి పిలిచారు. మా బోర్లకు ఆ స్లైడ్లే సాక్ష్యం.

ఫైలుకు తాళం వేయడం మాత్రం నాకు రాదు. పటాన్‌చెరులో జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటోల దుకాణం నడిపే సేటుతో ఇరవై ఏళ్ల పరిచయం. పెన్‌డ్రైవ్ ఆయన చేతిలో పెట్టాను.

"సేటూ, సూడనీకి రావాలె, మార్చనీకి రావద్దు. గట్ల తాళమెయ్యి."

"ఫికర్ జెయ్యకు పటేలా, పాస్‌వర్డ్ పెడ్త. పొద్దుగాల వచ్చి తీస్కపో."

తీసుకుని నేరుగా సంగారెడ్డి బస్సెక్కాను. తాళం పడిందిగా అని తెరిచి చూడలేదు.

గోడ మీద పదకొండు గ్లాసులూ సీసా నీళ్లలా మెరిశాయి.

"నీళ్లు మంచిగనే ఉన్నయి గద పెద్దాయనా!" అన్నాడు ఫ్యాక్టరీ వైపు మనిషి. "మా క్యాంటీన్‌కు గూడ జెర పంపరాదు?"

హాలంతా నవ్వింది. మధ్య కుర్చీలోని మేడం నవ్వలేదు. ఇవి మారిపోయాయనీ, అసలువి ఇంట్లో ఉన్నాయనీ చెప్పాను.

"రెండు తీర్ల ఫోటోలు పెడితే ఏది అసలుదని నమ్మాలి? మార్చిందెవరో వాళ్ల చేత రాయించుకుని రండి. శుక్రవారం దాకా ఫైలు మూయను" అన్నదామె.

ఇది ఫ్యాక్టరీవాళ్ల పనేనని రగిలిపోతూ దుకాణానికి వచ్చాను.

"సేటూ, నా ఫైలు ఎవడు ముట్టిండు?"

"తాళముండె గద పటేలా, ఎవడు ముడ్తడు?"

"ఏం తాళం?"

సేటు వేలెత్తి బోర్డు చూపించాడు. "దుకాణం ఫోన్ నంబరు. అందరికి గదే పెడ్త. మర్సిపోయి మల్ల నా పానమే తింటరు గద మీరు!"

తలెత్తి చూశాను. జానెడేసి అంకెలు. రోడ్డు మీద పోయే ప్రతి బస్సులోనుంచీ కనబడతాయి. మా బోరు స్టార్టర్ డబ్బాకు కూడా తాళం వేసి, చెవి పక్క మేకుకే తగిలిస్తాం, అవసరమున్నవాడు తీసుకుంటాడని. ఆ మేకు నేను కొట్టిందే. అది గుర్తొచ్చి ఇంకా మండింది.

"గిదేం తాళమయ్యా! ఎవడు తెరిసిండో ఇప్పుడు నాకు రాసియ్యి!"

సేటు తల దించుకుని కత్తెర తుడవడం మొదలుపెట్టాడు. "రేపు రా పటేలా."

బుధవారం పోయాను. రేపన్నాడు. గురువారం నన్ను చూసి లోపలి గదిలోకి పోయాడు. శుక్రవారం పొద్దున షట్టర్ సగం లేవకముందే వంగి లోపలికి దూరాను. నా మొహం చూడకుండా దుకాణం లెటర్‌ప్యాడ్ కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. అందులో ఉన్నది ఇదీ:

"మేడం గారికి. పటేల్ ఫైలు తెరిసింది నేనే. తాళమేసినంక మల్లొకసారి చూస్తే నీళ్లు ఎర్రగ కనవడ్డయి. ఫోటో ఖరాబైందనుకున్న. పదిమందిల ఆయన ఇజ్జత్ పోవద్దని, పాస్‌పోర్టు ఫోటోల మొఖాలు తెల్లగ చేసినట్టే సాఫ్ చేసిన. నన్ను ఎవలూ చెయ్యమనలే. ఆయన బోరుల వచ్చేటియి ఎర్ర నీళ్లే."