కొవ్వూరులో రెండు డాక్‌లు, ఒక భోజనం

సాయంత్రం నేను ఆఫీసు నుంచీ, మా ఆవిడ లలిత బడి నుంచీ వచ్చాక ఓ గంట కలిసి పాటలు వినడం పెళ్ళయినప్పటి నుంచీ మా ఇంటి పద్ధతి. క్యాసెట్లు పోయి సీడీ ప్లేయర్, మంచి స్పీకర్లు వచ్చాక, తను పది నిమిషాలకే కణతలు నొక్కుకుంటూ లేచిపోవడం మొదలుపెట్టింది. నేను మహా తెలివిగా భీమవరం తీసుకెళ్ళి కళ్ళు పరీక్ష చేయించి కొత్త కళ్ళజోడు కొనిపెట్టాను. కళ్ళజోడు బాగుంది, తలనొప్పి అలాగే ఉంది. పాటలు ఆపితే తగ్గిపోతోందని ఆరు నెలలకు గాని నా బుర్రకు తట్టలేదు. అప్పటికి పక్క కుర్చీ ఖాళీగా ఉండటం నాకు అలవాటు కూడా అయిపోయింది. ఆ అలవాటే నన్ను భయపెట్టింది.

సీడీలో ఉండేది అంకెలే. వాటిని సంగీతంగా మార్చే పెట్టెను డాక్ అంటారు. ప్లేయర్ లోపల ఉండే చవకరకం డాక్ వల్ల హెచ్చు స్వరాలు గుచ్చుకుంటాయనీ, విడిగా మంచిది పెట్టుకుంటే నయమనీ ఇంటర్నెట్‌లో పరిచయమైన కొవ్వూరు సత్యనారాయణ గారు చెప్పారు. చక్కెర ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర రెండు డాక్‌లున్నాయి. ఒకటి ముప్ఫై ఎనిమిది వేలు, రెండోది అరవై. ఏది నచ్చితే అది ఇస్తానన్నారు. "చెల్లెమ్మగారిని కూడా తీసుకురండి. భోజనం మా ఇంట్లోనే" అన్నారు.

మా ఊరు మొగల్తూరులో పొద్దున్నే ఆరింటి బస్సెక్కి నరసాపురంలో దిగి, ప్యాసింజరు రైలు పట్టుకున్నాం. భీమవరం, తణుకు, నిడదవోలు మీదుగా కొవ్వూరుకు మూడు గంటల పైనే పడుతుంది. తొందరగా వెళ్ళాలనుకునేవాళ్ళు బస్సు చూసుకోవచ్చు గానీ, కిటికీ పక్కన కూర్చుని వరిచేలు చూస్తూ ఇడ్లీ పొట్లం విప్పుకునే సుఖం బస్సులో లేదు. ఇద్దరికీ కలిపి టిక్కెట్లు యాభై రూపాయల లోపే. ఉత్త చేతులతో ఎలా వెళ్తామని లలిత పెరట్లోని అరటిగెల కొట్టించింది. దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చోవడం నా వంతు.

కొవ్వూరు స్టేషను బయట రిక్షా అతను గెలను ఎగాదిగా చూశాడు.

"పెళ్ళికాండీ?"

"కాదు బాబూ, పాటలు వినడానికి."

"పాటలకి గెలెందుకండీ?" అని ఇరవై రూపాయలు చెప్పి, గెలకు విడిగా ఏమీ అడగనని హామీ ఇచ్చాడు.

పదిన్నరకు ఇల్లు చేరాం. నేను పెట్టెల వైపు చూస్తున్నాను గానీ సత్యనారాయణ గారి భార్య సుభద్ర గారు ఒప్పుకోలేదు. "పాటలెక్కడికీ పోవండీ. ముందు కాఫీ తాగండి, వంటవుతోంది" అన్నారు. పన్నెండింటికి విస్తళ్ళు పడ్డాయి. పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ, గుమ్మడికాయ పులుసు, బూరెలు. చాలన్న ప్రతిసారీ ఇంకో గరిటె పడింది. మా వైపు మొహమాటపడితే ఎక్కువ పెడతారు, పడకపోతే ఆనందపడి ఇంకా ఎక్కువ పెడతారు.

ఒంటిగంటకు అసలు పని మొదలైంది. సత్యనారాయణ గారు రెండు పెట్టెల మీదా తువ్వాలు కప్పేశారు. "ధర తెలిస్తే చెవి మాట వినదండీ" అని నవ్వారు. వోల్టేజి కొలిచే మల్టీమీటరుతో రెండింటి శబ్దమూ సమానం చేశారు. కాస్త గట్టిగా మోగిందే మంచిదనిపిస్తుందట. వేణువు సీడీ పెట్టారు.

మొదటిది హాయిగా ఉంది, అంతకు మించి నాకేమీ అనిపించలేదు. రెండోది పెట్టగానే నిటారుగా కూర్చున్నాను. వేణువు ఊదే ముందు పీల్చిన ఊపిరి, తంబురా తీగలు దేనికది, మృదంగం మీద వేలి గోరు, అన్నీ వినిపించాయి. నా మనసు అక్కడే అమ్ముడుపోయింది. మళ్ళీ మొదటిది పెట్టినప్పుడు పక్కకు చూస్తే లలిత కుర్చీలో తల వాల్చి నిద్రపోతోంది! పరాయి ఇంట్లో, పట్టపగలు! నాకు తల కొట్టేసినట్టయింది.

"తలనొప్పి వచ్చే మనిషికి నిద్ర పట్టిందంటే తీర్పు వచ్చేసినట్టే కదండీ" అన్నారు సత్యనారాయణ గారు.

"భోజనం మత్తండీ అది" అన్నాను గబగబా. రెండోదాని మీద నా మోజు అలాంటిది.

వంటింట్లోంచి సుభద్ర గారు నన్నే సమర్థించారు. "అవునండీ, మా ఇంట్లో తిని నిద్రపోని మనిషి లేడు. ఈయన పోయినేడు ఆంప్లిఫైయర్ కూడా ఇలాగే నిద్రలో కొన్నారు."

దాంతో కేసు మళ్ళీ మొదటికొచ్చింది. నాలుగింటికి లలిత లేచి, సిగ్గుపడుతూ మొహం కడుక్కుని కాఫీ తాగింది. ఏది ఏదో, దేనికోసమో తనకు చెప్పకుండా రెండోది పెట్టారు. ఐదు నిమిషాల్లో "కొంచెం గాలికి కూర్చుంటానండీ" అని వరండాలోకి వెళ్ళిపోయింది. మొదటిదానికి మార్చారు. నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. రాకూడదనే కోరుకున్నాను, నిజం చెప్పాలంటే. పాట సగంలో వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది, తర్వాత కూర్చుంది. "ఇందాక ఎందుకో చెవులు నలిగాయి. ఇప్పుడు ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టుంది" అంది.

అప్పుడు విషయం చెప్పాం. తను నా మొహం చూసి నవ్వింది.

"మీకు రెండోదే నచ్చింది కదా. అదే తీసుకోండి. నేను వరండాలో కూర్చుని వింటాలెండి."

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అంది. ఆరు నెలలుగా తను నా సరదాకు అలాగే చోటు వదిలి పెడుతూ వచ్చిందన్నమాట. "మొదటిది కట్టించండి సత్యనారాయణ గారూ" అన్నాను. తువ్వాలు తీస్తే అది ముప్ఫై ఎనిమిది వేలదే.

సాయంత్రం రైల్లో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. మర్నాడు ఆదివారం ఉదయం దాన్ని బిగించి పాట పెట్టాను. లలిత బెండకాయలు, కత్తిపీట తెచ్చుకుని నా పక్కనే నేల మీద కూర్చుంది. సీడీ అయిపోయింది, కాయలూ అయిపోయాయి. ఇక లేస్తుందనుకున్నాను. "ఇంకోటి పెట్టండి" అంది.

దాచడమెందుకు, ఆ రెండో డాక్ శబ్దం ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. ఆ తంబురా తీగలు మా ఇంట్లో అంత విడివిడిగా వినిపించవు. కానీ రోజూ గంటసేపు వింటున్నాం, ఇద్దరమూ. నాకిది తృప్తిగా ఉంది. మీరూ ఇలాంటి పని మీద బయలుదేరితే ఒక్క సలహా: వినడం భోజనానికి ముందే ముగించండి. గోదావరి ఇళ్ళలో అది కుదరదు కాబట్టి కాఫీ అయ్యాక మరోసారి వినండి. అప్పుడు పెట్టెల వైపు కాకుండా, మీతో వచ్చిన మనిషి గదిలో ఉందో లేదో చూడండి.