నల్లగుడ్డ కింది బీకరు

మా పాప కొత్త గౌను బకెట్లో ముంచగానే ఎరుపు తీగలు తీగలుగా దిగింది. పులిసిన గంజి లాంటి ఆ అద్దకపు వాసనకు సుగుణ మేడం గుర్తొచ్చారు. ఇల్లంతా నిద్రపోయాక ఇది రాస్తున్నాను.

తిరుపతిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఆమె దగ్గర ప్రాజెక్టు చేశాను. గాజు పలకల మీద టైటానియం ఆక్సైడును కంటికి ఆనని రేణువుల పొరగా పూసి కాల్చేవాళ్లం. ఎండ తగిలితే ఆ పొర నీళ్లలోని రంగును విరగ్గొడుతుంది. నీళ్లు నగరి వైపు పల్లె నుంచి మునెమ్మక్క తెచ్చేది. పక్కన నూలుకు రంగులద్దే షెడ్డు నీళ్లు ఇంకి, ఆమె బోరు ఎర్రబడింది. చంకలో రెండేళ్ల కూతురు. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న: “ఇంగ పాపకి పట్టొచ్చునా మేడం?”

మేడ మీద ఎండలో ఒక బీకరు పెట్టేవాళ్లం. పోల్చి చూడటానికి, అలాంటిదే ఇంకొకటి నల్లగుడ్డ చుట్టి పెట్టేవాళ్లం. వెలుతురు తగలదు కాబట్టి అందులో ఎరుపు అలాగే ఉండాలి. ఆ వారం పొరను ఇంకా మందంగా, గరుకుగా పూశాను. సాయంత్రం గుడ్డ విప్పితే, చీకట్లోని నీళ్లు కూడా తేటగా ఉన్నాయి. పలక మీద లేత గులాబి ఛాయ. అందంగా ఉందనుకున్నానే తప్ప ఆలోచించలేదు.

“శుభ్రమైపోయినాయక్కా,” అన్నాను.

“అయితే సీసాలో పొయ్యమ్మా. బిడ్డ దప్పికంటాంది.”

మేడం బీకరు మీద చెయ్యి అడ్డం పెట్టారు. “ఎండ లేకుండానే పోయిందా? యాడికి పోయింది?”

ఆమె పలకను మంచినీళ్లలో నిలబెట్టి నాలుగు చుక్కలు క్షారం వేశారు. గాజు మీంచి ఎరుపు మెల్లగా, నిద్ర లేచినట్టు, నీళ్లలోకి నడిచింది. మునెమ్మక్క చంకలోని పాప వేలు చూపి నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు.

“ఎరుపు సావలా,” మునెమ్మక్క గొంతు తగ్గించింది. “దాంకోనుండాది.”

“పొరకి అతుక్కోని కూసుంది,” అన్నారు మేడం. “ఎండలో పెట్టిందాన్నీ నమ్మొద్దు. రంగు ఇరిగినాక ఏం ముక్కలు మిగిలినాయో కంటికి తెలీదు.”

“మరి ఈయమ్మ శుభ్రం అనిందే?”

మేడం నన్ను తిట్టలేదు. “నువ్వే చెప్పు,” అన్నారు.

“తెలియదక్కా. పట్టొద్దు.”

ఆమె సీసా మూత బిగించుకుంది. “తెలీదనేవాళ్లు ఈడన్నా ఉండారు. ఆ షెడ్డాయప్ప ఏమీ గాదనే సెప్తాడు,” అని బస్సుకు వెళ్లిపోయింది.

నిన్నటి నుంచి మా పాపకు జ్వరం. సాయంత్రం మందు వెయ్యకుండానే ఒళ్లు చల్లబడింది. తగ్గిపోయిందిలే, పడుకో అన్నారు మా ఆయన. తగ్గిందో, లోపలెక్కడో కూర్చుందో. నా ఎడమచెయ్యి ఇంకా దాని వీపు మీదే ఉంది.