పోస్టక్క పోగేసిన మాట

నీస్ట్రు నది ఒడ్డున మా ఊళ్లో టపా పంచే ఆగ్రిపినాకి ఒక్క మాట మీద పిచ్చి. ఆ మాట కుమాత్ర! బాప్తిస్మంలో బిడ్డకి తోడుతల్లిగా నిలబడ్డ మనిషిని కన్నతల్లి అలా పిలుస్తుంది. పాత లాటిన్లో దానర్థం 'కలిసి తల్లైనది' అట. స్లావుల నోట నలిగి, రూపం మార్చుకుని మళ్లీ మా రొమేనియన్ భాషలోకి వచ్చిందట. అది తెలిసిన రోజు పోస్టక్క సైకిలు దిగి ఎగిరి గంతేసింది.

ఎవరు పనికోసం పరాయిదేశం బయల్దేరినా బస్సు దగ్గర కాపు కాసేది. "ఒరేయ్, అక్కడ కుమాత్రని ఏమంటారో కనుక్కుని ఫోన్ చెయ్యి! లేదంటే నీ ఉత్తరాలు పొయ్యిలో వేస్తా!" ఇటలీ నుంచి ఒకడు చెప్పాడు, ఆ మాటకి మంత్రసాని అని కూడా అర్థమట. ఫ్రాన్సులో అయితే ఊరంతా కబుర్లు మోసే ఆడమనిషి అనట. "అచ్చం నేనే!" అని పకపకా నవ్వింది. పోలండులో అదే మాటలోంచి అయినవాళ్లకి పదవులు పంచిపెట్టడానికి పేరొచ్చిందట. మూడు నోటుబుక్కులు నిండాయి. కానీ ఆవిణ్ణి ఆ మాటతో పిలిచినవాళ్లు ఒక్కరూ లేరు. పెళ్లి కానిది, పేదది, ఎవరు అడుగుతారు? పైకి నవ్వేది గానీ ఆ బాధ లోపల తొలిచేస్తూనే ఉండేది.

ఆ చలికాలం తొదేర్, లుచికా దంపతులకి మూడో బిడ్డ పుట్టింది. ముందు ఇద్దరూ దక్కలేదు, ఇదీ నలుసంత ఉంది. లుచికా తల్లి ఓలెనా ఉక్రెయిన్ మనిషి. వాళ్ల ఆచారం ప్రకారం అలాంటి బిడ్డ కోసం తెల్లవారగానే రొట్టె పట్టుకుని బయల్దేరాలి, దారిలో మొదట ఎదురైన మనిషే తోడుతల్లి. అడిగితే కాదనకూడదు. కావాలని ఎదురెళ్తే మాత్రం ఫలం ఉండదు. శనివారం బయల్దేరతారని ఆగ్రిపినా చెవిన పడనే పడింది. ఆ వీధిలో పొద్దున్నే నడిచేది తనే!

"ఛీ, నా ముచ్చట కోసం పసిదాని ప్రాణంతో ఆడుకోనా?" అని తనని తాను తిట్టుకుంది. శనివారం మోకాలిలోతు మంచులో, కళ్లు తుడుచుకుంటూ, ఏటి వైపు చుట్టుదారి పట్టింది.

మలుపు తిరిగితే ఎదురుగా తొదేర్! చంకలో రొట్టె, వెనక రొప్పుతూ ఓలెనా. ముందు గేటు మంచులో కూరుకుపోతే పెరటిగోడ దూకి వచ్చారట.

"వద్దు, వద్దు! నాకు ముందే తెలుసు! మీకు ఎదురుపడకూడదనే ఇటొచ్చా!" అని వెనక్కి జరిగింది ఆగ్రిపినా.

"తప్పుకుందామని వచ్చినదానివి కావాలని ఎదురొచ్చినట్టెలా అవుతుందే, పిచ్చిమొహమా? పట్టు రొట్టె!" అని కసిరింది ఓలెనా.

ఆదివారం గుడిలో ఆగ్రిపినా కొయ్యబారి నిలబడింది. లుచికా బిడ్డని ముందుకు చాపి, "ఎత్తుకో కుమాత్రా, ఏం చూస్తున్నావ్?" అంది.

నోటుబుక్కు కోటు జేబులోనే ఉండిపోయింది. పోస్టక్క చేతులు ఖాళీగా లేవు.