టెస్ట్ బటన్ నొక్కి చూసిన ఓబులక్క

2003. నంద్యాలలో కరెంటు పని చేస్తూ, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలకూ పోతుండేవాణ్ని. ఓబులక్క ఇల్లు అట్లాంటి పల్లెలోనే. ఆమె భర్త పొలంలో మోటరు దగ్గర షాక్ కొట్టి చనిపోయాడు. "ఈ ఇంట్లో ఇంగొకర్ని కరెంటుకు ఇయ్యలేనప్పా. ఏం పెడతావో పెట్టు" అని పిలిపించింది.

ఇ.ఎల్.సి.బి. పెట్టాను. మనిషి ఒంట్లోంచో తడి గోడలోంచో కరెంటు భూమిలోకి జారితే కనిపెట్టి, రెప్పపాటులో సప్లై ఆపేసే పెట్టె అది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి, మీట కిందికి పడుతుందో లేదో చూడమన్నాను. ఓబులక్క శుక్రవారం శుక్రవారం పూజ కాగానే పెట్టెకు బొట్టు పెట్టి మరీ నొక్కేది. ఆ భక్తి చూస్తే నాకు నవ్వొచ్చేది, ముచ్చటేసేది కూడా.

మరుసటేడు పత్తి తీసి, ధర వస్తే అమ్ముదామని నడి ఇంట్లో స్విచ్చుబోర్డు దాకా పోసింది. ఆ బోర్డు వెనక వైరు జాయింటు వదులై, ఫ్యాను తిరిగినంతసేపూ నిప్పురవ్వలు రాలుతున్నాయి. దీన్ని ఆర్క్ ఫాల్ట్ అంటాం. కరెంటు భూమిలోకి జారదు కాబట్టి ఇ.ఎల్.సి.బి.కి తెలియదు. లోడు మించదు కాబట్టి, లోడు మించితే సప్లై ఆపే ఎం.సి.బి. స్విచ్చు కూడా పడదు. భూమిలోకి జారే కరెంటునూ ఈ నిప్పురవ్వలనూ రెండింటినీ కనిపెట్టి కాసే పరికరం అప్పట్లో మా అంగళ్లలో దొరికేది కాదు.

కబురందుకొని నేను పోయేసరికి పత్తంతా బూడిద. లాగబోయి చేతులు కాల్చుకున్న ఓబులక్క, గుడ్డలు చుట్టుకొని అరుగు మీద కూర్చుంది.

"ముందుగా వాసనేమన్నా వచ్చిందా అక్కా?"

"పొద్దున్నించీ వస్తానే ఉండెప్పా. పోయి బటన్ నొక్కితి. టక్కన పడింది. పెట్టె బాగుంది గదా, ఇంగ భయమేందని మళ్లీ ఎత్తి పెడితి."

ఆ మీట పడగానే ఇంట్లో కరెంటు ఆగిపోయింది. అట్లే వదిలేసి ఉంటే పత్తీ మిగిలేది, చేతులూ మిగిలేవి.

ఆ తర్వాత ఎవరింట్లో పెట్టె బిగించినా, అది దేన్ని కాయదో ముందు చెప్తాను. మాడు వాసన వస్తే మీట దించి నన్ను పిలవండి, మళ్లీ ఎత్తొద్దు అంటాను. విని విని మా ఆవిడకు కూడా నోటికొచ్చింది. ఓబులక్కకు మాత్రం పెట్టె బిగించిన రోజు ఆ మాట నేను చెప్పలేదు.