మా కంపెనీ కీపర్

గల్ఫ్‌లోని మెసయీద్‌లో కొత్త ప్లాంట్లు లేస్తున్న రోజుల్లో మా కంపెనీ జట్టుకు వికెట్ కీపర్‌గా ఉన్న అతను పోయిన నెల చనిపోయాడు. చాయ్ గ్లాసు ఇచ్చినా రెండు చేతులతో అందుకుని, పొట్ట దగ్గరికి లాక్కునేవాడు. నిజామాబాద్ వైపు మనిషి. వీసాలో హెల్పర్. కంపెనీ తెచ్చుకున్నది మాత్రం శుక్రవారం మ్యాచ్‌ల కోసం. "నీకు ఆటే డ్యూటీ" అనేవాడు మేనేజర్. ఆరేళ్లు అతను ఇనుము మోయలేదు.

నేను క్యాంప్ క్లినిక్‌లో కాంపౌండర్‌ని. ఫైనల్‌కు ముందు వారం ప్రాక్టీసులో బంతి తగిలి అతని చూపుడు వేలు విరిగింది. నేను రిజిస్టర్ తీస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"రాయకు అన్నా. రాస్తే ఇంకొకన్ని నిలవెడ్తరు. మళ్ల నేను సైటుకే."

"విరిగిందిరా. పిండికట్టు వేయాలి."

"పక్క ఏలుకు కలిపి టేపు సుట్టు, సాలు. ఏలు నాది, భయం నీకా?"

టేపు చుట్టాను. రిజిస్టర్‌లో రాయలేదు.

ఫైనల్ గెలిచాం. వేలు వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత అతని చేతిలో బంతి నిలవలేదు. రెండు నెలల్లో కొత్త కీపర్ వచ్చాడు, ఇతన్ని ఇనుము వంచే పనిలో వేశారు. పిడికిలి బిగియక, తేలిక పని ఇమ్మని మేనేజర్‌ని అడిగాడు.

"ఆట డ్యూటీ కాదు. అయినా దెబ్బ తగిలినట్టు ఎక్కడ రాసుంది?" అన్నాడు మేనేజర్ నా వైపు తిరిగి.

ఆ వారం పేజీ తీసి చూపించాను. ఇద్దరికి జ్వరం, ఒకరికి కంటి దురద. టేపు చుట్టిన సంగతి చెప్పకుండా రిజిస్టర్ మూసేశాను. నా ఉద్యోగం నాకుంది.

నెల తిరక్కుండా అతన్ని ఇంటికి పంపించేశారు. బస్సెక్కుతూ, "నేనే వద్దన్న కదా అన్నా" అన్నాడు. ఆ ఒక్క మాటను అడ్డం పెట్టుకుని ఇన్నేళ్లు బతికాను.