ఒంటేలు బెల్లు

మా హైస్కూల్లో పదకొండు గంటలకు ఒక బెల్లు కొట్టేవారు. టైంటేబుల్లో దాని పేరు ఇంటర్వెల్. బడిలో అందరూ పిలిచే పేరు మాత్రం ఒంటేలు బెల్లు. అది మోగీ మోగకముందే మగపిల్లలంతా బిలబిలమంటూ ప్రహరీ గోడ వెనక్కి పరిగెత్తేవారు. బడి మొత్తానికి ఏడుగురం ఉన్న ఆడపిల్లలం బెంచీల మీద నుంచి లేచేవాళ్ళం కాదు. ఆ గోడ వాళ్ళది. మాకంటూ ఒక గోడ గానీ చాటు గానీ ఆ బళ్ళో లేదు.

ఇది యాభైల చివరి మాట. మాది ఇందుకూరుపేటకు తూర్పున, సముద్రానికి రెండు మైళ్ళ లోపల ఉన్న పల్లె. మా నాయన వడ్రంగి. నాగళ్ళు, బండి చక్రాలు, తలుపులు చేసేవాడు, ఉప్పు కాలవ మీద తిరిగే పడవలకు మరమ్మతులు చేసేవాడు. అమ్మ నాట్లకూ కోతలకూ పోయేది. ఆదివారం ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని గుడికి వెళ్ళి ప్రార్థనలో కూర్చునేవారు. ఆ ఒక్క రోజూ నాయన చెక్క చెక్కే బాడిస ముట్టేవాడు కాదు. మా క్రైస్తవుల పేటలో హైస్కూలు దాకా వచ్చిన మొదటి ఆడపిల్లను నేను.

పేటలో ఏ ఇంటికీ మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్ళు తెల్లవారకముందు ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి సరుగుడు తోపులోకి పోయేవారు. మధ్యలో పగలంతా బిగబట్టుకోవాల్సిందే. అదేదో కష్టమని ఎవరూ అనుకునేవారు కాదు. చేతనైన పని అనుకునేవారు. మా అవ్వ వయసులో ఉన్నప్పుడు ఒకసారి కాలవ పడవలో ప్రయాణం చేసిందట. పొద్దు పొడవకముందు ఎక్కి, పొద్దు గుంకాక దిగింది. మధ్యలో మగవాళ్ళు మూడుసార్లు గట్టు మీదికి దిగి ఎక్కారు గానీ అవ్వ మాత్రం కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. ఆ సంగతి మా ఇంట్లో యుద్ధంలో గెలిచొచ్చిన వాళ్ళ కథలా చెప్పుకునేవారు.

నాలో ఆ రక్తమే ఉంది. బళ్ళో ఎంతసేపు ఆపుకోగలమన్నది మా ఏడుగురికీ పోటీ. దానికి కొన్ని కిటుకులు ఉండేవి. పొద్దున సద్దన్నంలో ఉప్పు వేసుకోకూడదు, వేసుకుంటే దాహమవుతుంది. బడికి వచ్చాక నీళ్ళ కుండ వైపు పోకూడదు. నోరెండితే ఉసిరికాయ ముక్క చప్పరించాలి. మరీ తొందరైతే ఎడమ మడమను కిందికి మడిచి దాని మీద కూర్చుని, పదహారో ఎక్కం వెనక నుంచి ముందుకు చదువుకోవాలి. దగ్గు వస్తే ప్రమాదం, నవ్వు వస్తే ఇంకా ప్రమాదం. మా లెక్కల అయ్యవారు హాస్యగాడు. ఆయన ఏదైనా అంటే మగపిల్లలు పడీ పడీ నవ్వేవారు, మేము మూతులు బిగించుకుని కూర్చునేవాళ్ళం. ఆడపిల్లలకు హాస్యం అర్థం కాదని ఆయన చాలాసార్లు బాధపడ్డాడు.

పోటీలో గెలుపు ఎప్పుడూ నాదే. నాలుగో ఫారంలో ఉండగా ఒక వానాకాలం సాయంత్రం దారిలో వాగు పొంగింది. నీళ్ళు తగ్గేదాకా జనంతో పాటు గట్టు మీద నిలబడ్డాం. నాతో ఉన్న పిల్లలు ఇద్దరు ఇక ఆగలేక, వానలో తడిసిన పావడాలే కదా అని నిలుచున్న చోటే పని కానిచ్చారు. నేను కానివ్వలేదు. ఇల్లు చేరి, తోపులోకి పోయి వచ్చాకే అమ్మకు ఆ సంగతి చెప్పాను. అమ్మ నా తల తుడుస్తూ, మా అమ్మ మనవరాలివే నువ్వు అంది. ఆ రోజు నాకు క్లాసులో ఫస్టు వచ్చినంత సంతోషంగా ఉంది.

ఐదో ఫారం పరీక్షలకు నెల ముందు నాకు చలిజ్వరం పట్టుకుంది. నడుముకు రెండు పక్కలా పోటు. ఒంటికి పోతే మంట. జ్వరం మాట అందరికీ తెలుసు, మంట మాట ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో మందులిచ్చే ఆయన ఎర్రరంగు మిక్చరు ఇచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. అమ్మ కోతల్లో ఉంది, చంటి తమ్ముడు కూడా ఉన్నాడు. దాంతో నాయనే నన్ను బస్సులో నెల్లూరు ఆడవాళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ వయసు మళ్ళిన మనిషి. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి ఉండేవి. నాయనను వరండాలో కూర్చోమని నన్ను లోపలికి పిలిచి, నడుము మీద వేళ్ళతో తట్టి చూసింది. తర్వాత రోజుకు ఎన్నిసార్లు ఒంటికి పోతావని అడిగింది.

"రెండుసార్లు" అన్నాను. అందులో గొప్ప వినిపించే ఉంటుంది. ఆమె రాస్తున్న కలం ఆపింది.

"బళ్ళో?"

"బళ్ళో పోమండీ. పోయేదానికి చోటు లేదు."

"మరి నీళ్ళు?"

"తాగితే పోవాల గదండీ" అన్నాను.

ఆమె నాయనను లోపలికి పిలిపించింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇలాంటి మాట నాయన ముందు మా ఇంట్లో ఎన్నడూ రాలేదు. డాక్టరమ్మ మాత్రం వానా ఎండా గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. నీళ్ళు తాగకుండా, పొద్దస్తమానం ఆపుకుని ఆపుకుని పిల్లకు మూత్రంలో చీము చేరిందని, మందులతో ఇప్పటికి తగ్గుతుందని, బళ్ళో ఇట్లాగే ఉంటే మళ్ళీ మళ్ళీ వస్తుందని అంది. ఈ ఆసుపత్రికి ఈ జబ్బుతో వచ్చే ఆడవాళ్ళకు లెక్కే లేదని, అందరూ ఓర్చుకోవడం గొప్ప అనుకునే వాళ్ళేనని కూడా అంది. నా గొప్ప అంతా ఆమె బల్ల మీద అప్పడంలా విరిగిపోయింది.

నాయన తలపాగా చేతిలోకి తీసుకుని వింటూ నిలబడ్డాడు. రోజుకు ఎన్ని చెంబుల నీళ్ళు తాగాలో అడిగి తెలుసుకున్నాడు. బయటికి వచ్చి, బస్టాండులో మొదటి చెంబు తన ఎదుటే తాగించాడు. ఆ తర్వాత నా వైపు చూడకుండా అడిగాడు.

"ఎన్నేళ్ళ నుంచి ఇట్టా?"

"ఫస్టు ఫారం నుంచి."

"నాతో చెప్పకపోతివే."

"ఎట్టా చెప్పేది నాయనా" అన్నాను.

ఆయన తలపాగా చుట్టుకుని బస్సు వైపు నడిచాడు.

బస్సు నెల్లూరు దాటి సగం దూరం వచ్చేసరికి ఆ చెంబెడు నీళ్ళూ పని మొదలుపెట్టాయి. అలవాటు కొద్దీ మడమ మడిచాను. జబ్బుపడిన ఒళ్ళు మాట వినలేదు. పదహారో ఎక్కం సగంలోనే ఆగిపోయింది. నాయన నా ముఖం చూశాడు. చూసి లేచి, అందరికీ వినిపించేలా కండక్టరుతో అన్నాడు.

"బస్సు ఆపయ్యా. మా పాప ఒంటికి పోవాల."

కండక్టరు ఇబ్బందిగా నవ్వి, ఇంకో మైలు పోతే ఊరొస్తుంది గదా పెద్దాయనా అన్నాడు.

"మైలు కాదు, మూర గూడా పోవద్దు. ఆపు" అన్నాడు నాయన.

బస్సు ఆగింది. రోడ్డు పక్కన తాటి గున్నలు ఉన్నాయి. నాయన నా వెంట దిగి, నాకు వీపు పెట్టి, తలపాగా విప్పి రెండు చేతులా అడ్డంగా పరిచి పట్టుకున్నాడు. బస్సు కిటికీల్లో ఉన్న ముఖాలన్నిటికీ ఎదురుగా ఆ మనిషి నిలబడ్డాడు. ఏ ముఖమూ చూపు నిలపలేకపోయింది. నేను లేచి వచ్చేసరికి బస్సు మెట్ల మీద నుంచి ఒక ముసలామె దిగుతోంది. ఆమె వెనక చంకలో బిడ్డతో ఇంకొకామె. ముసలామె నాయన దగ్గరికి వచ్చి, అట్నే పట్టుకో నాయనా, పొద్దున్నుంచి సస్తన్నా అంది. వాళ్ళిద్దరూ వచ్చేదాకా నాయన చేతులు దించలేదు. కండక్టరు విజిల్ వేయకుండా ఓపిగ్గా కూర్చున్నాడు.

నాకు జ్వరం తగ్గిన వారానికి నాయన హైస్కూలుకు వెళ్ళాడు. నేనూ పక్కనే ఉన్నాను. హెడ్మాస్టరు గారు మంచివాడు. ఆడపిల్లలకు దొడ్డి కావాలని పైకి రెండుసార్లు రాశానని, జవాబు లేదని, శాంక్షన్ లేకుండా ఇటుక మీద ఇటుక పెట్టలేనని చెప్పాడు. నాయన అంతా విని, చోటు చూపిస్తే చాలని, ఇటుకల పని తనకు రాదని, కొయ్య పని వచ్చునని అన్నాడు. హెడ్మాస్టరు గారు బల్ల మీద కాగితాలు సర్దుతూ ఆలోచించాడు.

"రేపు ఎవరన్నా ఆఫీసరొచ్చి, ఎవరి అనుమతితో కట్టారంటే నేనేం చెప్పేది?" అన్నాడు.

"వడ్రంగి కట్టినాడని చెప్పండి. కావాల్సొస్తే వడ్రంగినే పీకమనండి. నేనొచ్చి వాళ్ళ ముందర పీకతా, మా పాపను వాళ్ళ ముందర నిలబెట్టి" అన్నాడు నాయన.

హెడ్మాస్టరు గారు లేచి వచ్చి బడి వెనక, బావికి దూరంగా, రేగుచెట్టు పక్కన చోటు చూపించాడు.

వేసవి సెలవుల్లో శనివారాలు పని జరిగింది. నాయన పడవ పనికని కోయించి పెట్టుకున్న తాటి దుంగలు గుంజలయ్యాయి. అమ్మ, పేట ఆడవాళ్ళు నలుగురు తాటాకు అల్లి దడి కట్టారు. మా ఏడుగురం సముద్రం దగ్గర నుంచి గంపలతో ఆల్చిప్పలు మోశాం, వాటిని కాల్చి సున్నం చేసి కింద నేల గట్టి చేశారు. తలుపు మాత్రం నాయన ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వేప చెక్క చిత్రిక పట్టి, సందు లేకుండా పలక మీద పలక ఎక్కించి, లోపలి వైపు అరచేయంత గడియ పెట్టాడు. బయట గడియ పెట్టలేదు. బయటి నుంచి ఎవరో ఒకరు పెట్టి పోతారని ముందే ఆలోచించాడు.

బళ్ళు తెరిచిన రోజు పదకొండుకు ఒంటేలు బెల్లు మోగింది. మగపిల్లలు ఆ రోజు గోడ వెనక్కి పరిగెత్తలేదు. ఎవరు పోతారో చూద్దామని వరండాలో బారులు తీరి నిలబడ్డారు. ఆడపిల్లలం ఏడుగురమూ బెంచీలకు అతుక్కుపోయాం. ఇన్నేళ్ళూ చోటు లేక పోలేదు. ఇప్పుడు చోటుంది, పోవడం అందరికీ కనబడుతుంది. పక్కనున్న పిల్ల నా మోచేయి పట్టుకుని, రేపు పోదాంలే అంది.

రేపటికైతే ఇక ఎప్పటికీ పోమని నాకు తెలిసిపోయింది. లేచాను. వరండా దిగి ఆట స్థలం మీదుగా నడిచాను. ఆ నేల ఎంత ఉంటుంది, ఎనభై గజాలు. నాకు సముద్రం ఒడ్డున మైపాడు దాకా నడిచినట్టుంది. ఎవరో ఈల వేశారు. నేను తల వంచుకోలేదు, వేగంగానూ నడవలేదు. ఇది మా నాయన చేసిన తలుపు, నేను దొంగతనానికి పోవడం లేదు అని లోపల అనుకుంటూ పోయాను. లోపలికి వెళ్ళి గడియ వేస్తే కొత్త చెక్క వాసన వేసింది. బయటికి వచ్చేసరికి మిగతా ఆరుగురూ వరసగా నిలబడి ఉన్నారు. ఈల వేసిన వాడెవడో మళ్ళీ వేయలేదు. మూడో రోజుకు మగపిల్లలకు ఆ వింత పాతబడింది, వాళ్ళ గోడకు వాళ్ళు పోయారు.

ఆఫీసరు ఒకాయన ఆ ఏడు వచ్చాడు. హెడ్మాస్టరు గారు భయపడుతూనే చూపించాడు. ఆయన తలుపు తెరిచి, మూసి, గడియ వేసి చూసి, పని బాగుందని మాత్రం అని వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు చేపలు పట్టేవాళ్ళ పట్టపుపాలెం నుంచి ఇద్దరు, వెంకటాచలం వైపు నుంచి బంధువుల ఇంట్లో ఉండి చదువుకునేందుకు ఒకరు, కొత్తగా ఆడపిల్లలు చేరారు. పట్టపు పిల్ల తల్లి ఒకామె మా ఇంటికి వచ్చి, మీ బళ్ళో ఆడపిల్లలకు తలుపుండాదంటనే, అది చూసే పంపిస్తన్నా అని చెప్పి, నాయనకు ఎండుచేపల మూట ఇచ్చి పోయింది. అప్పటికే నేను ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యాను. ఆ జబ్బు మళ్ళీ రాలేదు.

నేను టీచరు ట్రైనింగుకు పోయే ముందు ఒక సాయంత్రం అమ్మ బియ్యం చెరుగుతూ నాయనతో అంది.

"ఊరి బడికి కట్టినావు. నేను పుట్టినప్పట్నుంచీ తోపుకే పోతన్నా. నాకెప్పుడు కడతావు?"

నాయనకు ఆ సంగతి అప్పటిదాకా నిజంగా తోచలేదట. మరునాడే పెరట్లో గుంజలు పాతాడు. మా పేటలో మొదటి మరుగుదొడ్డి అదే. అమ్మ తొలిసారి పట్టపగలు, మిట్టమధ్యాహ్నం పొలం నుంచి వచ్చి, లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ వీధి వైపు చూసింది. ఎవరన్నా చూశారేమో అన్న చూపు కాదది. చూస్తే బాగుండు అన్న చూపు.